ఎర్రనీళ్ళ రోజు కట్టిన ముడి

తాడు ఒక్కసారిగా తేలికైపోయింది.

అంతవరకూ అది నా చేతుల్ని భుజాల దగ్గర ఊడబెరికేస్తుందేమో అన్నంతగా లాగుతూ ఉంది. మొదటి కెరటానికి ముందుకు తూలాను. రెండో కెరటానికి మోకాళ్ళ మీద పడి, ఇసుకలో రెండు చాళ్ళు చేసుకుంటూ నీళ్ళలోకి జారిపోయాను. నురుగు మొహం మీదుగా వెళ్ళింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి తాడు చేద తెగిన బావితాడులా నీళ్ళమీద తేలుతోంది. లాగాను. అడ్డు లేకుండా వచ్చింది. ఇంకా లాగాను. కొస వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. తాడు తెగలేదు, ఎక్కడా పీచు లేవలేదు. ముడి మాత్రం లేదు. ముడి ఉన్నచోట తాడు వంకర్లు తిరిగి ఉంది. ఆ ముడి మాస్టారి నడుముకి ఉండాలి.

మాస్టారు కనబడలేదు.

మాకు కాస్త దూరంలో తన గాలం తను వేసుకుని కూర్చున్న పెద్దాయన లేచి పరుగెత్తడం చూశాను. ఆయన ఆ ఊరి మత్స్యకారుడు. పరుగెత్తింది సముద్రంలోకి కాదు, ఒడ్డు వెంట తూర్పుకి. పారిపోతున్నాడనుకున్నాను. పుట్టినప్పటినుంచీ ఆ నీళ్ళలో బతికిన డెబ్బయ్యేళ్ళ మనిషి భయపడి పారిపోతున్నాడని ఆ క్షణంలో నిజంగానే నమ్మాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పత్రికలో పని చేసి రిటైరయ్యాను. అమలాపురంలో ఉండి తీరప్రాంతం వార్తలు పంపేవాణ్ణి. తుఫాను హెచ్చరికలు, కోతకు గురైన ఒడ్డు, స్నానానికి దిగి కొట్టుకుపోయిన కుర్రాళ్ళు. అలాంటి వార్తలకు మా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది: గల్లంతు. మనిషి దొరికితే ఒక మాట, శవం దొరికితే ఇంకో మాట, రెండూ తేలని వేళ గల్లంతు. ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. ఒడ్డున మిగిలినవాళ్ళని వరసలు అడిగి రాసుకునేవాణ్ణి. తమ్ముడా, స్నేహితుడా, బావమరిదా అని. అంతకన్నా వాళ్ళని అడిగిందేమీ లేదు.

వాయుగుండం పట్టినప్పుడల్లా ‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు’ అన్న వాక్యం కూడా నేనే రాసేవాణ్ణి. ఆ హెచ్చరిక పడవలకి. పడవలన్నీ సరుగుడు తోటల దాకా ఈడ్చేసి, బోర్లించి పెట్టేస్తారు. నడుం లోతు నీళ్ళలో నిలబడి గాలం వేసేవాడి గురించి అందులో ఏమీ ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మేం సముద్రానికి వెళ్ళేవాళ్ళం.

మాస్టారు హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మా వీధి చివరే వాళ్ళ ఇల్లు. వాళ్ళ ముత్తాత పొలంలో కూలి, తాత మిషన్ బడిలో పంతులు, ఆ తరవాత ఇంటిల్లిపాదీ టీచర్లే. ఆదివారం మధ్యాహ్నం దాకా చర్చి, మిగతా రోజులన్నీ ఖాళీ. రిటైరైన ఏడాది ఆయన ఆన్‌లైన్‌లో పన్నెండడుగుల గాలం రాడ్డు, దారం చుట్టే పెద్ద రీలు తెప్పించుకున్నారు. దాన్ని బండికి పొడుగునా కట్టుకుని ఇద్దరం అల్లవరం మీదుగా ఓడలరేవు దాటి వెళ్ళాం. అక్కడ పెద్దాయన మొదటిసారి మమ్మల్ని చూసి గాలం పక్కన పెట్టేసి మరీ నవ్వాడు.

“ఏటండీ మాస్టారూ ఇది. కరెంటు స్తంభం పీక్కొచ్చేరా?”

“దూరంగా పడుతుందండీ. మీ చేత్తో విసిరే గాలం కన్నా రెండింతలు.”

“ఆయ్. సేపలు దూరంగా ఉంటాయని ఎవరు సెప్పేరండీ?”

నన్ను ఆయన ‘పేపరుగారూ’ అనేవాడు. మాస్టారు ‘ఎడిటర్ గారూ’ అనేవారు. నేను ఎప్పుడూ ఎడిటర్ని కానని ఆయనకు బాగా తెలుసు, అందుకే అలా పిలిచేవారు.

ఎర్రనీళ్ళ సంగతి చెప్పింది పెద్దాయనే. గోదావరికి వరద వచ్చినప్పుడు వైనతేయం పాయ ఎర్రనీళ్ళు తెచ్చి సముద్రంలో పోస్తుంది. ఆ కాలంలో ఒడ్డు వెంట నీటి వాలు తూర్పుకే కాబట్టి, ఎర్రటి పట్టీలాగా ఆ నీళ్ళు ఒడ్డుకి ఆనుకుని మైళ్ళ దూరం పోతాయి. చిన్న చేపలు ఆ మరకలో దాక్కుంటాయి. వాటికోసం పండుగప్ప వస్తుంది. మామూలు రోజుల్లో ఏరు సముద్రంలో కలిసే మొగల్లోనూ లోతు నీళ్ళలోనూ తిరిగే చేప, ఆ నాలుగు రోజులూ మనిషికి గజాల దూరంలోకి వచ్చేస్తుంది. పైన వాయుగుండం కూడా ఉండి సముద్రం పొంగుతుంటే ఇంకా దగ్గరికి. కెరటం విరిగే చోటికీ, ఆవల మునిగి ఉన్న ఇసుక మేటకీ మధ్య కాలవలాంటి లోతు ఒకటి ఉంటుంది. చేప అందులో ఉంటుంది. అక్కడ ఎర పడాలంటే ఒడ్డు మీద నిలబడి విసిరితే కుదరదు, నడుం లోతుకి దిగాలి.

దిగేవాడి నడుముకి కొబ్బరితాడు కట్టి, ఇంకొకడు వెనక ఇసుకలో నిలబడి పట్టుకుంటాడు. నైలాను తాడు పనికిరాదు. తడిస్తే జారుతుంది. కొబ్బరితాడు తడిసినకొద్దీ చేతిని పట్టుకుంటుంది. ఇంత అవస్థ ఎందుకు, ఒక రాట పాతి దానికి కట్టెయ్యొచ్చు కదా అని మాస్టారు అడిగారు.

“రాటకి తెలీదు కదండీ ఎప్పుడు వదలాలో,” అన్నాడు పెద్దాయన. “మడిసి కెరటం కింద ఉన్నప్పుడు తాడు బిర్రుగా ఉంటే ఆణ్ణి పైకి రానియ్యదు. వదలాల, లాగాల, వదలాల. రాట లాగుతుందాండీ?”

ముడి వేయడం నాకు నేర్పించాడు. నేర్పించాడనడం కూడా ఎక్కువే.

“పేపరుగారూ, మీ ఇంట్లో గేదెలుండేయా?”

“ఉండేవి. చిన్నప్పుడు.”

“మరింకేటండి. పలుపు ముడే ఇది. మీ సేతికే తెలుసు.”

నిజమే. మాది లంకకి ఆనుకున్న ఊరు. గేదెని రాటకి కట్టే ముడి మా ఇళ్ళలో అందరికీ వచ్చు. పశువు ఎంత గింజుకున్నా అది బిగుస్తుంది, బయట వదిలిన కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే విడిపోతుంది. వరద నీళ్ళు పాకలోకి వచ్చేసినప్పుడు ముడులు విప్పుకుంటూ కూర్చునే వ్యవధి ఉండదు. సముద్రంలోనూ అదే లెక్క. తేడా ఒకటే. రాటకి కట్టినప్పుడు కొస వేలాడుతూ ఉన్నా ఫరవాలేదు. మనిషికి కట్టినప్పుడు వేలాడకూడదు.

“ఎడం పక్క బెల్టులో దోపెయ్యాల,” అన్నాడు పెద్దాయన. “ఏలాడితే కెరటం లాగుతాది. కుడిసెయ్యి గాలం మీద ఉంటాది, ఎడంసెయ్యే కదండీ ఖాళీ. కావలిసొచ్చినప్పుడు అక్కడే దొరకాల.”

“ఎప్పుడు కావలసొస్తుందండీ?” అని మాస్టారు.

“తాడు పట్టుకున్నోడి కాళ్ళు ఇసక మీద ఉన్నంతవరకే తాడు. ఆడి కాళ్ళు లేచిపోయేయంటే, కట్టుకున్నోడు కొస లాగేసుకోవాల. ఇద్దరూ ఎళ్ళకూడదు.”

“అంటే మునిగేవాడే తాడు వదులుకోవాలా? బాగుందండీ మీ న్యాయం.”

“ఆయ్. ఒడ్డున ఉన్నోడు బతికుంటేనే కదండీ పరుగెత్తుకెళ్ళి నలుగుర్నీ పిలిసేది.”

ఆ మాట మీద అప్పుడు ముగ్గురం నవ్వుకున్నాం. తరవాత రెండేళ్ళలో ఐదారుసార్లు అలాంటి నీళ్ళలోకి దిగాం. దిగేది మాస్టారు, పట్టుకునేది నేను, ముడి వేసేది పెద్దాయన. అలా వరస కుదిరిపోయింది. నేను ఒక్కసారి కూడా ముడి వేయలేదు.

కిందటేడు వరద తగ్గుముఖం పట్టిన మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళాం. ఆకాశం బూడిద రంగులో ఉంది. వాన లేదు, గాలి మాత్రం సరుగుడు చెట్లని ఒకవైపుకి వంచేసి పట్టుకుని ఉంది. ఒడ్డున మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. పోటు ఎక్కుతోంది. ఎర్రనీళ్ళలో కొబ్బరికాయలు, అరటి బోదెలు, గుర్రపుడెక్క, ఎక్కడిదో పాక కప్పు ముక్క, అన్నీ తూర్పుకి కొట్టుకుపోతున్నాయి. కెరటాలు వరసలు కట్టి రావడం లేదు. ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి.

పెద్దాయన చాలాసేపు చూసి, “మోకాలు దాటి వద్దండి మాస్టారూ ఇయ్యాల,” అన్నాడు.

“నడుం దాటను లెండి.”

“నేనన్నది మోకాలండి.”

అయినా ముడి వేశాడు, దోపాడు, తన చేత్తో రెండుసార్లు లాగి చూశాడు. తరవాత వంద గజాలు తూర్పుకి వెళ్ళి తన గాలం వేసుకున్నాడు. మాస్టారు మోకాలు దాటి దిగారు. తొడల లోతు దగ్గర ఆగారు. రెండు విసుర్లు ఖాళీ. మూడోదానికి రాడ్డు విల్లులా వంగి, రీలు కేక పెట్టి, దారం తెగిపోయింది. ఆయన వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు మొహం చూశాను. పదోక్లాసు ఫలితాల రోజు బోర్డు దగ్గరికి వచ్చే పిల్లల మొహం అది.

“చూసేరా? మీరు చూసేరా దాన్ని?”

నేను చూడలేదు. కెరటాలనే చూస్తున్నాను, అదే నా పని. కొత్త గాలం కట్టుకోవడానికి తాడు అడ్డం వస్తుందని ఆయన కొస లాగి ముడి విప్పేసుకున్నారు. గబగబా గాలం కట్టుకున్నారు, బతికున్న చిన్న చేపని ఎర గుచ్చుకున్నారు. నేను పెద్దాయన వైపు చెయ్యి ఊపాను. ఆయన తన దారం చూసుకుంటున్నాడు, గాలికి కేక వినబడదు.

“మీరే కట్టెయ్యండి ఎడిటర్ గారూ. అది ఇంకా అక్కడే ఉంది.”

తాడు ఆయన నడుము చుట్టూ తిప్పుతుండగా నా జేబులో ఫోను మోగింది. పత్రికలో నా తరవాత ఆ డెస్కులో చేరినతను. తీరం వార్త ఉన్నప్పుడల్లా ఇంకా నాకే చేస్తాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని మాట్లాడుతూ కట్టాను.

“సార్, ఒడ్డున ఉన్నారటగా. అలలు ఎంత ఎత్తు లేస్తున్నాయి సార్?”

“మనిషిన్నర.”

“రెండు మనుషుల ఎత్తని రాసుకోవచ్చా?”

“లేనిది ఎందుకు రాస్తావయ్యా.”

“సరే సార్. ప్రమాదాలేమన్నా?”

“ఏం లేవు.”

ఆ మాటలన్నీ ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. అతని గొంతు వెనక ఎవరో టీ అడగడం కూడా గుర్తుంది. నడుము చుట్టూ రెండు చుట్లు తిప్పడం, ముడి వేయడం, బిగించి లాగడం గుర్తుంది. కొస దోపానో లేదో గుర్తు లేదు.

మాస్టారు ఈసారి నడుం దాకా దిగారు. ఎర పడిన నిమిషంలోనే చేప పట్టింది. ఆయన వెనక్కి అడుగు వేయాల్సిందిపోయి ముందుకి వేశారు. ఇంకో అడుగు. నేను అరిచాను. అప్పుడే మేట మీదనుంచి లేచిన కెరటం ఆయన తల మీద విరిగింది.

ఆ తరవాతది మొదట్లో చెప్పాను.

తాడు చుట్టగా చేతికి తగిలించుకుని పెద్దాయన వెనక పరుగెత్తాను. ఆయన వెనక్కి తిరగకుండానే, “తాడు తెండి, తాడు,” అంటున్నాడు. అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. నీటి వాలు తూర్పుకి. మనిషి మునిగిన చోట వెతికి లాభం లేదు, తేలే చోటికి ముందు చేరాలి. మూడు, నాలుగు వందల గజాలు పరుగెత్తాక, మేట ఒడ్డుకి దగ్గరగా వంకర తిరిగే చోట ఆయన ఆగిపోయాడు.

“ఇక్కడికే రావాల,” అన్నాడు.

“వస్తారా?”

“మాట్లాడకండి. సూడండి. నల్లగా ఏదన్నా కనిపిస్తే సెయ్యి సూపించండి. కళ్ళు తిప్పకండి.”

నీళ్ళన్నీ నల్లటి వస్తువులే. చెయ్యి చూపించాను.

“కాయండి అది.”

మళ్ళీ చూపించాను.

“అదీ కాయే. కాయ ఎగురుతాది. తల ఎగరదు.”

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. వార్తల్లో ‘సుమారు’ అని రాస్తాం. ఐదు నిమిషాలు కావచ్చు, అంతకన్నా తక్కువే కావచ్చు. ఆ కాసేపూ మాస్టారు గల్లంతు. దోపానా అని ఒకసారి నన్ను నేను అడిగాను. ఇప్పుడు కాదు అనుకుని నీళ్ళకేసి చూశాను. బోదె, కాయ, కాయ, గడ్డి. తెల్లటిది ఒకటి లేచి మునిగింది. నురుగనుకున్నాను. మళ్ళీ లేచింది. దానికి వేళ్ళు ఉన్నాయి.

పెద్దాయన నా చేతిలోంచి తాడు లాక్కుని తన నడుముకి చుట్టుకున్నాడు. ముడి వేశాడు, కొస ఎడం పక్క పంచెలోకి దోపాడు. ఆ దోపడం మాత్రం నా కళ్ళకి కట్టినట్టు ఉంది. రెండో కొస నా చేతిలో పెట్టి, “పట్టండి పేపరుగారూ,” అని దిగిపోయాడు.

నేను తాడు మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకున్నాను. అలా ఎప్పుడూ చెయ్యొద్దని ఆయనే చెప్పాడు. తిప్పుకున్నాను. ఛాతీ లోతులో ఆయన ఒక కెరటం కింద మునిగి, రెండోదాని కింద మునిగి, మూడోసారి లేచినప్పుడు చేతిలో మాస్టారి చొక్కా కాలరు ఉంది. వదలాలి, లాగాలి, వదలాలి. నేను లాగడం తప్ప ఏమీ చేయలేదు. వాళ్ళిద్దరూ ఇసుక మీదికి వచ్చేసరికి మణికట్టు దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

మాస్టారిని బోర్లా పడుకోబెట్టి పెద్దాయన వీపు మీద చరిచాడు. నీళ్ళు వచ్చాయి. ఇంకా వచ్చాయి. తరవాత దగ్గు వచ్చింది. ఎడం భుజం ఉండాల్సిన చోట లేదు. కళ్ళు తెరిచి మొదట పెద్దాయనని చూశారు.

“పెద్దదండీ అది,” అన్నారు. గొంతు గీరుకుపోయి ఉంది.

“ఆయ్. అందుకే మిమ్మల్నే ఎర కింద ఏసుకుంది.”

మాస్టారు నవ్వబోయి మళ్ళీ దగ్గారు. ఆ తరవాత నా వైపు చూశారు. కళ్ళు మూసుకున్నారు.

ఊళ్ళోంచి ఆటో వచ్చేలోగా పెద్దాయన తాడు చుట్టుకుంటూ, మొదట ఊడొచ్చిన కొస దగ్గర ఆగాడు. వంకర్లు తిరిగిన చోట వేలితో రాసి చూశాడు. తాడు ఏమీ చెప్పదు. లాగి విప్పినా, వేలాడి ఊడిపోయినా ఆ వంకర్లు ఒకేలా ఉంటాయి.

“ఈ ముడి ఎవరేసేరండీ?”

“నేనే.”

“దోపేరా?”

“దోపేను,” అన్నాను.

“ఆయ్,” అన్నాడు.

మా వైపు ఆ మాటకి అవునని అర్థం. విన్నాను అని కూడా అర్థం.

అమలాపురంలో ఆసుపత్రిలో భుజం సరిచేసి కట్టు కట్టారు. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయని ఉంచేసుకున్నారు. మాస్టారి భార్య కూడా టీచరుగా చేసి రిటైరైన ఆవిడే. నన్ను అన్నయ్యగారూ అంటారు. ఆవిడ వచ్చి, మంచం పక్కన నిలబడి, ముందు ఆయన నుదురు ముట్టుకుని చూసి, నా వైపు తిరిగారు.

“తాడు కట్టుకునే దిగేరు కదండీ?”

“కట్టుకునే దిగేరమ్మా.”

“మరి ఎలా కొట్టుకుపోయేరు? ముడి ఎవరు కట్టేరండీ అన్నయ్యగారూ?”

నేను నోరు తెరిచేలోపే మంచం మీదనుంచి మాస్టారు అందుకున్నారు.

“ముడికేం కాలేదు. నేనే లాగేసుకున్నాను. ఈయన నీళ్ళలోకి వచ్చేస్తున్నారు.”

“మీరే లాగేసుకున్నారా?”

“పద్ధతి అదే మరి.”

“ఏం పద్ధతండీ అది. ఎవరు పెట్టేరు? ఇంటికొచ్చి నాకేం చెప్పమని ఈయన్ని బతికించేరు?”

ఆవిడ దుప్పటి సరిచేశారు, సరిగా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేశారు. నేను ఫ్లాస్కులో టీ తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆయన మాట ఒక్క రోజులో ఊరంతా పాకింది. ఆదివారం చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేశారట. స్నేహితుడి కోసం ప్రాణం వదులుకోబోయిన మనిషి అని పాస్టరుగారు చెప్పారట. తరవాత వారం రోజులు, నేను బజారుకి వెళ్తే, తెలిసినవాళ్ళు ఆపి నా మణికట్టు చూసేవాళ్ళు. “అదృష్టవంతులండీ మీరు, అలాంటి మనిషి దొరికేరు,” అనేవాళ్ళు. తల ఊపేవాణ్ణి. ఆయన నిజంగా కొస లాగి ఉంటే వాళ్ళన్న ప్రతి మాటా సరైనదే. నేను మోకాళ్ళ మీద నీళ్ళలోకి జారిపోయింది నిజం. ఇంకో నాలుగడుగులు జారితే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. కానీ కొస వేలాడుతూ ఉండి కెరటం లాగి ఉంటే, ఆయన్ని దాదాపు చంపింది నేను, నన్ను కాపాడినట్టు ఆయన ఊరికి చెప్పారు.

ఇంటి దగ్గర ఆ ముడి వేసి చూశాను. పెరట్లో నూతి దగ్గర స్తంభానికి కాదు, నా నడుముకే. అలవాటు చొప్పున నా చెయ్యి కొసని దోపుతుందా లేదా అని. ఒంటరిగా కట్టుకున్నప్పుడు దోపేది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతూ కట్టుకున్నాను. ఒకసారి దోపింది. ఒకసారి దోపలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసింది.

“ఏంటండీ ఈ వేషం. తాడు కట్టుకుని ఎవరితో మాట్లాడుతున్నారు?”

“ఎవరితోనూ కాదు.”

“అదే అడుగుతున్నా.”

నెల పైగా గడిచాక ఒక సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాను. ఆయన లోపల భుజానికి కాపడం పెట్టుకుంటున్నారు. టీచరుగారు వరండాలోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

“మిమ్మల్ని ఒకటి అడగాలి అన్నయ్యగారూ. ఆసుపత్రిలో రెండో రోజు ఈయనకి జ్వరం బాగా వచ్చింది కదా. అప్పుడు ఒకటే మాట. ‘కొస దొరకట్లేదు, కొస దొరకట్లేదు’ అని. ఏం కొసండీ అది?”

నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. వెనక గదిలో మంచం కిర్రుమంది.

“గాలం దారం కొస అయ్యుంటుందమ్మా,” అన్నాను.

“అదే అయ్యుంటుందిలెండి. ఆ చేప గొడవే ఆయనకి.”

జ్వరంలో మనిషి అన్న మాటని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అచ్చుకి పంపేవాణ్ణి కాదు. పైగా ఆ మాటకి రెండో వైపు కూడా ఉంది. నీళ్ళలో దొర్లినప్పుడు బెల్టు తిరిగిపోయి కొస వీపు మీదికి వెళ్ళి ఉండొచ్చు. మొదట దొరక్క, తరవాత దొరికి, అప్పుడు లాగి ఉండొచ్చు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. ఒకసారి ధైర్యం చేసి, మా వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు, “మాస్టారూ, ఆ రోజు కొస,” అని మొదలుపెట్టాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. “వదిలెయ్యండి ఎడిటర్ గారూ, అయిపోయిన వార్త,” అని, పెన్షన్ల సంగతి ఎత్తారు. ఆయన దయతో అన్నారో, చెప్పడం ఇష్టం లేక అన్నారో ఆ గొంతులో నాకు దొరకలేదు.

సాయంత్రాలు ఇప్పటికీ కలిసే నడుస్తాం. అన్నీ మాట్లాడుకుంటాం. ఆయన కొత్త రాడ్డు తెప్పించుకోలేదు. ఎందుకని అడిగితే భుజం అంటారు. భుజం పూర్తిగా బాగయిందని డాక్టరు వేసవిలోనే చెప్పినట్టు టీచరుగారు నాతో అన్నారు. ఈ ఏడాది ఎర్రనీళ్ళు రెండుసార్లు దిగాయి. రెండుసార్లూ పెద్దాయన ఫోను చేసి చెప్పాడు, నేను మాస్టారికి చెప్పాను. మేం వెళ్ళలేదు.